పేర్లు చెప్పని మనిషి

నా దగ్గరున్న ‘ది బిగ్ నాకోవర్’ ఎవరో చదివి అమ్మేసిన ప్రతి. అట్ట నలిగింది, పేజీల అంచులు పసుపు తిరిగాయి, లోపల పాత యజమాని సంతకాన్ని ఎవరో గట్టిగా కొట్టేశారు. డాషియెల్ హామెట్ డిటెక్టివ్ కథల సంకలనం ఇది. 1966లో, హామెట్ పోయిన అయిదేళ్లకి వచ్చింది. కథల్ని ఏరి ముందుమాట రాసింది నాటక రచయిత్రి లిలియన్ హెల్మన్. ముప్పై ఏళ్ల పాటు కలుస్తూ విడిపోతూ అతనితో బతికిన మనిషి.

మొదటి కథ కూఫిన్యాల్ అనే దీవిలో జరుగుతుంది. ఒక ధనవంతుల ఇంట పెళ్లి కానుకలకి కాపలాగా డిటెక్టివ్‌ని పెడతారు. మన పాఠకులకి డిటెక్టివ్ అనగానే కొమ్మూరి సాంబశివరావు యుగంధర్, అతని వెంట అసిస్టెంట్ రాజు గుర్తొస్తారు. హామెట్ డిటెక్టివ్‌కి అసిస్టెంట్ లేడు, పేరు కూడా లేదు. కాంటినెంటల్ ఏజెన్సీలో జీతానికి పనిచేసే పొట్టి, లావుపాటి, నడివయసు మనిషి. ఆ రాత్రి ఒక ముఠా మెషిన్‌గన్లతో దీవి మీద పడి బ్యాంకునీ నగల దుకాణాన్నీ దోచేస్తుంది. చివరికి ఆ దోపిడీ వెనకున్న రష్యన్ యువరాణిని అతను పట్టుకుంటాడు. ఆమె డబ్బు ఇవ్వజూపుతుంది. అతను ఏ నీతులూ చెప్పడు. ఈ పనంటే తనకిష్టమనీ, ఇది తప్ప ఇంకో పని రాదనీ, ఇంకెందులోనూ ఈ సంతోషం లేదనీ, దాన్ని డబ్బుతో తూచలేననీ అంటాడు. చీలమండ బెణికి కుర్చీలోంచి లేవలేని స్థితిలో ఉన్నాడు కదా, ఆడదాన్ని కాల్చడు కదా అన్న ధీమాతో ఆమె తలుపు వైపు నడుస్తుంది. అతను ఆమె పిక్క మీద కాలుస్తాడు. అక్కడిదాకా నడిచి రావడానికి ఒక అవిటివాడి చంకకర్రనే దొంగిలించిన మనిషి మరి.

ఈ కథ 1925 డిసెంబర్ ‘బ్లాక్ మాస్క్’ పత్రికలో వచ్చింది. పనంటే ఇష్టమన్న ఆ మాట అప్పటికి హామెట్ సొంత మాట కూడా. పదేళ్లు తిరక్కుండానే రాసే పని అతని చేజారింది. ఆ తర్వాత డబ్బు పోయింది, ఆరోగ్యం పోయింది, కొన్ని నెలలు స్వేచ్ఛ కూడా పోయింది. అతని పతనం కథ చెప్పేవాళ్లు సాధారణంగా జైలు దగ్గర మొదలుపెడతారు. జైలుకి వెళ్లేనాటికే అతను కూలిపోయి పదిహేడేళ్లయింది.

శామ్యూల్ డాషియెల్ హామెట్ 1894 మే 27న మేరీల్యాండ్‌లో పుట్టాడు. ఇంటి ఇబ్బందుల వల్ల పద్నాలుగో ఏట బడి మానేశాడు. చిల్లర ఉద్యోగాలు చేసి చేసి, 1915లో బాల్టిమోర్‌లోని పింకర్టన్ డిటెక్టివ్ ఏజెన్సీలో చేరాడు. మనిషి కంట పడకుండా అతని వెంట నడవడం, రాత్రంతా ఎవరి వాకిలి ఎదుటో కాపు కాయడం, తెల్లారాక రిపోర్టు రాయడం అక్కడి పని. ఎవరు, ఎక్కడ, ఎన్నింటికి, ఎవరితో అన్నవే ఆ రిపోర్టుకి కావాలి. రాసేవాడి అభిప్రాయం అక్కర్లేదు. తర్వాత ప్రపంచమంతా మెచ్చుకున్న అతని పొడి వాక్యానికి ఆ అలవాటే పునాది.

ఆ రిపోర్టుల్లో ఉండేవి దొంగల పేర్లు మాత్రమే అనుకోకూడదు. పింకర్టన్ ఏజెన్సీని గనుల యజమానులూ ఫ్యాక్టరీల యజమానులూ సమ్మెలు విరగ్గొట్టడానికి పెట్టుకునేవారు. కార్మికుల మధ్య చేరి నాయకులెవరో తెలుసుకుని పైకి చేరవెయ్యడం ఏజెన్సీ మనుషులు చేసే పనుల్లో ఒకటి. 1917 ఆగస్టు 1న మోంటానాలోని బ్యూట్ పట్నంలో ఫ్రాంక్ లిటిల్ అనే కార్మిక నాయకుణ్ణి ముసుగులు వేసుకున్న మనుషులు అర్ధరాత్రి మంచం మీంచి లాక్కుపోయి వంతెనకి ఉరితీశారు. ఆ మనిషిని చంపమని తనకి 5,000 డాలర్లు ఇవ్వజూపారనీ, తను కాదన్నాననీ హామెట్ చెప్పేవాడని హెల్మన్ రాసింది. ఆ సంగతి అతన్ని జీవితమంతా వదల్లేదని కూడా రాసింది.

1918లో సైన్యంలో అంబులెన్స్ దళంలో చేరాడు. ఆ ఏటి ఇన్‌ఫ్లుయెంజా పట్టుకుంది, వెంటే క్షయ వచ్చింది. యుద్ధభూమి చూడకుండానే ఊపిరితిత్తులు పోగొట్టుకుని బయటికొచ్చాడు. ఆసుపత్రిలో సేవచేసిన నర్సు జోస్ డోలన్‌ని 1921లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పెళ్లి చేసుకున్నాడు. ఇద్దరు కూతుళ్లు పుట్టారు. జబ్బు పిల్లలకి అంటుకుంటుందన్న భయంతో కొన్నాళ్లు వేరే గదిలో, ఒంటరిగా ఉండాల్సొచ్చింది. మెట్లెక్కితే ఆయాసం వచ్చేవాడు డిటెక్టివ్ ఉద్యోగం ఎలా చేస్తాడు? మానేశాడు. చేతిలో మిగిలింది కాగితం, కలం. 1922 నుంచి కథలు రాశాడు. ‘బ్లాక్ మాస్క్’ చవకరకం గుజ్జు కాగితం మీద అచ్చయ్యే పత్రిక. చదివి పారేసేవాళ్ల కోసం నడిచే అలాంటి పత్రికలు మాటకింత అని లెక్కగట్టి డబ్బిచ్చేవి. 1923లో పేరులేని డిటెక్టివ్ మొదటిసారి అందులోనే కనిపించాడు.

అంతకుముందు డిటెక్టివ్ కథ ఎక్కువగా పెద్దింటి ముందుగదిలో నడిచేది. శవం తివాచీ మీద పడుండేది, తెలివైనవాడొకడు ఆధారాలు ఏరి ముడి విప్పేవాడు. హామెట్ హత్యని వీధిలోకి తెచ్చాడు. అతని లోకంలో మనుషులు డబ్బు కోసం, భయం వల్ల, పాత కక్షల వల్ల చంపుతారు. పోలీసులు అమ్ముడుపోతారు. డిటెక్టివ్ చేతులకి కూడా బురద అంటుతుంది. తర్వాతి తరంలో గొప్పవాడైన రేమండ్ చాండ్లర్ 1944లో రాసిన పేరున్న వ్యాసంలో ఈ మార్పు గురించి చెబుతూ పెద్దపీట వేసింది హామెట్‌కే.

అతను రాసిన నవలలు అయిదు. అయిదిటి అంకితాలు వరసగా చదివితే మనిషి బతుకు దాదాపుగా తెలిసిపోతుంది. 1929లో వచ్చిన ‘రెడ్ హార్వెస్ట్’ తనని నవలవైపు నెట్టిన ‘బ్లాక్ మాస్క్’ ఎడిటర్ జోసెఫ్ షాకి. అదే ఏటి ‘ది డెయిన్ కర్స్’ నగల వర్తకుడు ఆల్బర్ట్ శామ్యూల్స్‌కి. ప్రకటనలు రాసే ఉద్యోగమిచ్చి, అక్కడ రక్తం కక్కుకుని పడిపోతే ఆదుకున్న యజమాని ఆయన. 1930లో ‘ది మాల్టీస్ ఫాల్కన్’ భార్య జోస్‌కి. 1931లో ‘ది గ్లాస్ కీ’ మాత్రం నెల్ మార్టిన్ అనే రచయిత్రికి. అప్పటికి కాపురం విడిపోయింది. 1934లో ‘ది థిన్ మ్యాన్’ లిలియన్‌కి. ఆరో అంకితం లేదు, ఎందుకంటే ఆరో నవల లేదు.

‘మాల్టీస్ ఫాల్కన్’ మధ్యలో ఒక చిన్న ఉపకథ వస్తుంది. దానికి అసలు కథతో సంబంధం లేదు. శామ్ స్పేడ్ అనే డిటెక్టివ్, రావాల్సిన మనిషి కోసం ఎదురుచూస్తూ ఏదో కాలక్షేపానికన్నట్టు చెబుతాడు. టకోమాలో ఫ్లిట్‌క్రాఫ్ట్ అనే పెద్దమనిషి ఉండేవాడు. మంచి వ్యాపారం, ఇల్లు, భార్య, ఇద్దరు మగపిల్లలు. ఒక మధ్యాహ్నం భోజనానికి వెళుతుంటే కడుతున్న భవనం మీంచి దూలం ఒకటి అతని పక్కనే పడింది. కాలిబాట రాయి పెచ్చు ఎగిరి చెంప గీరుకుంది, అంతే. కానీ ఒక లెక్క ప్రకారం సాగుతుందనుకున్న బతుకుకి అసలు లెక్కే లేదని అతనికి ఆ క్షణాన అర్థమైంది. ఇంటికి వెళ్లలేదు. ఎవరికీ చెప్పకుండా ఊరొదిలిపోయాడు. కొన్నేళ్లకి స్పేడ్ అతన్ని ఇంకో ఊళ్లో కనిపెడతాడు. అక్కడా అతనికి మంచి వ్యాపారం, భార్య, బిడ్డ! దూలాలు పడుతుంటే పడే బతుకుకి అలవాటుపడ్డాడు, పడడం మానేశాక మానేసిన బతుకుకి అలవాటుపడ్డాడు.

ఈ కథ రాసిన మనిషి మీద దూలాలు పడడం ఆగలేదు. మొదట పడ్డది మాత్రం అదృష్టంలాగే కనిపించింది. ‘మాల్టీస్ ఫాల్కన్’ సినిమా హక్కుల్ని వార్నర్ బ్రదర్స్ 1930లో 8,500 డాలర్లకి కొంది. హాలీవుడ్ పిలిచింది. క్షయతో ఎన్నాళ్లు బతుకుతానో తెలియని మనిషి చేతిలో ఒక్కసారిగా డబ్బు కురిసింది. హోటళ్లలో దిగాడు, జూదమాడాడు, అడిగినవాడికల్లా ఇచ్చాడు, విపరీతంగా తాగాడు. 1930 చివర్లో పరిచయమైన హెల్మన్‌కి నాటకానికి పనికొచ్చే పాత కోర్టు కేసొకటి చూపించాడు. అదే 1934లో ఆమెకి పేరు తెచ్చిన ‘ది చిల్డ్రన్స్ అవర్’. ఆమె రాసిందల్లా దగ్గర కూర్చుని దిద్దాడు, బాగోలేనిదాన్ని మళ్లీ రాయించాడు. తన కాగితం మాత్రం ఖాళీగానే ఉండిపోయింది.

1934 నాటికి అతనికి ముప్పైతొమ్మిది. ఆ ఏడాది తర్వాత అతను బతికుండగా ఒక్క కొత్త నవల రాలేదు, ఒక్క కొత్త కథ రాలేదు. పుస్తకాలు ఒప్పుకున్నాడు, అడ్వాన్సులు తీసుకున్నాడు, పేర్లు కూడా పెట్టాడు. పుస్తకాలే రాలేదు. తాగుడు ఒక కారణం, జబ్బు ఒక కారణం. వాటికంటే లోతైనది ఇంకోటుంది. డిటెక్టివ్ కథ దాటి మామూలు మనుషుల నవల రాయాలని కోరుకున్నాడు. తెలిసిన రాతకి వెనక్కి వెళ్లలేడు, తెలియని రాతలో ముందుకు సాగలేడు. పాత పద్ధతిలో ఏడాదికొక పుస్తకం తిప్పి రాసుంటే కాదనేవాళ్లు లేరు, కొనేవాళ్లున్నారు. పాతదాన్నే కొత్తదన్నట్టు అమ్మడం అతనికి రాలేదు.

1942లో, నలభై ఎనిమిదో ఏట, పాడైన ఊపిరితిత్తులతో మామూలు సిపాయిగా మళ్లీ సైన్యంలో చేరాడు. అలాస్కా నుంచి పసిఫిక్‌లోకి సాగే అల్యూషన్ దీవుల్లో ఒకటైన అడాక్‌కి పంపారు. చెట్టులేని నేల, ఆగని గాలి, మంచు. అక్కడ సిపాయిల కోసం ‘ది అడాకియన్’ అనే చిన్న దినపత్రిక నడిపాడు. తెల్లవాళ్లనీ నల్లవాళ్లనీ సైన్యం వేరుగా ఉంచే రోజుల్లో తన పత్రికలో ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టి పని చేయించాడు. కుర్రాళ్లు అతన్ని ‘పాప్’ అని పిలిచేవారు. ఆ ఎడారి దీవిలో అతను సంతోషంగా ఉన్నాడని అప్పటి ఉత్తరాలు చెబుతాయి. రోజూ చెయ్యాల్సిన పని, ఆ రోజుకి అవసరమైన నాలుగు మాటలు, అవి చదివే మనుషులు దొరికారు. అంతకంటే ఎక్కువ అతనెప్పుడూ అడగలేదు.

అతని రాజకీయాల్ని దాచనక్కర్లేదు. 1930ల నుంచీ కమ్యూనిస్టుల పక్షాన నిలబడ్డాడు. సోవియట్ ప్రభుత్వం తన ప్రత్యర్థుల మీద నడిపిన మాస్కో విచారణల్ని సమర్థిస్తూ 1938లో వెలువడిన ప్రకటన మీద అతని సంతకం ఉంది. అది తప్పు సంతకం. యుద్ధం తర్వాత 1946లో సివిల్ రైట్స్ కాంగ్రెస్ అనే సంస్థ జామీను నిధికి ధర్మకర్తల అధ్యక్షుడయ్యాడు. రాజకీయ కేసుల్లో అరెస్టయినవాళ్లని జామీను మీద విడిపించడానికి జనం ఇచ్చిన డబ్బు అది. శిక్షపడ్డ కమ్యూనిస్టు పార్టీ నాయకులు నలుగురు 1951 జులైలో జైలుకి హాజరు కాకుండా అజ్ఞాతంలోకి వెళ్లారు. వాళ్ల జామీను డబ్బు ఆ నిధిదే. నిధికి చందాలిచ్చిన వాళ్లెవరో చెప్పమని ప్రభుత్వం ధర్మకర్తల్ని కోర్టుకి పిలిచింది.

జులై 9న న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో హామెట్ బోనెక్కాడు. చందాదారుల పేర్లు అడిగారు. చెప్పనన్నాడు. నిధి లెక్కల పుస్తకాలు అడిగారు. జవాబివ్వనన్నాడు. సమావేశం కాగితాల మీదున్న పొడి అక్షరాలు అతనివేనా అని అడిగారు. దానికీ అదే జవాబు. తనకి వ్యతిరేకంగా తను సాక్ష్యం చెప్పనక్కర్లేదన్న రాజ్యాంగ హక్కుని ఒక్కో ప్రశ్నకీ ఒకే గొంతుతో చెప్పుకుంటూ పోయాడు. ఉపన్యాసం లేదు, కోపం లేదు. కోర్టు ధిక్కారం కింద ఆరునెలల శిక్ష వేశారు. ఆ పేర్లలో ఒక్కటి కూడా అతనికి తెలిసి ఉండదని హెల్మన్ తన ముందుమాటలో రాసింది. తెలియదని ఒక్క ముక్క చెబితే ఇంటికి వచ్చేసేవాడే.

ఆ ముక్క ఎందుకు చెప్పలేదో అతని కథలు చదివినవాళ్లకి తెలుస్తుంది. పేర్లు కూపీ లాగడం ఎలాగో అతనికి బాగా తెలుసు, పొట్టకూటికి నేర్చిన విద్య అది. మొదట మామూలు ప్రశ్న అడుగుతారు. దానికి జవాబిస్తే రెండోది అడుగుతారు. తెలియదన్న జవాబు కూడా అడిగేవాడికి ఒక మెట్టే. పేరు చేతికి చిక్కిన మనిషికి ఏమవుతుందో బ్యూట్ సంగతితో తెలుసుకున్నాడు. బల్లకి అటువైపు కూర్చుని నేర్చినదాన్ని ముప్పై ఏళ్ల తర్వాత ఇటువైపు కూర్చుని వాడాడు. పేర్లు చేరవేసే ఏజెన్సీలో మొదలైన బతుకు పేర్లు చెప్పనందుకు జైలుకి చేరింది.

కెంటకీలోని ఆష్‌లాండ్ ఫెడరల్ జైల్లో మరుగుదొడ్లు కడిగే పని ఇచ్చారు. ఆ పని బాగానే చేశానని గర్వంగా చెప్పుకునేవాడట. మంచి ప్రవర్తనకి నెల తగ్గి, 1951 డిసెంబర్‌లో విడుదలయ్యాడు. వచ్చేసరికి ఆదాయపు దారులన్నీ మూసుకుపోయాయి. శామ్ స్పేడ్ పేరుతో నడిచిన రేడియో ధారావాహిక ఆ ఏడాదే ఆగిపోయింది. ఆదాయపు పన్ను బకాయి లక్ష డాలర్లు దాటిందని ప్రభుత్వం అతని రాబడి మొత్తం జప్తు చేసింది. స్పేడ్ పాత్ర మీద హక్కు తమదేనని వార్నర్ బ్రదర్స్ వేసిన దావాలో 1954లో హామెట్ పక్షాన తీర్పొచ్చింది. ఆ పాత్రతో కొత్త కథ రాసుకునే హక్కు దక్కింది, రాసే శక్తి లేదు.

1953 మార్చిలో, కమ్యూనిస్టుల కోసం వెతుకుతున్న సెనేటర్ జోసెఫ్ మెకార్తీ సభాసంఘం అతన్ని పిలిచింది. విదేశాల్లోని అమెరికా ప్రభుత్వ గ్రంథాలయాల్లో ఇతని పుస్తకాలు ఎందుకున్నాయన్నది విచారణ. కమ్యూనిజంతో పోరాడే బాధ్యత నీదైతే ఇలాంటి పుస్తకాలు కొంటావా అని మెకార్తీ అడిగాడు. కమ్యూనిజంతో పోరాడాలంటే తనైతే జనానికి అసలు పుస్తకాలే ఇవ్వనని హామెట్ జవాబిచ్చాడు. కొన్ని గ్రంథాలయాలు అతని పుస్తకాల్ని అరల్లోంచి తీసేశాయి.

చివరి దశలో చాలా ఏళ్లు న్యూయార్క్ రాష్ట్రంలోని కటోనాలో, ఒక మిత్రుడి ఎస్టేట్‌లోని చిన్న కుటీరంలో గడిచాయి. తాగుడు 1948లోనే పూర్తిగా మానేశాడు. పుస్తకాలు గుట్టలుగా పడుండేవి. టైప్‌రైటర్లు మూడుండేవి. చూడవచ్చిన విలేకరితో, తను ఒకప్పుడు రచయితనని గుర్తుంచుకోడానికే వాటిని ఉంచుకున్నానని చెప్పాడు. అక్కడే ‘ట్యూలిప్’ అనే నవల మొదలుపెట్టి వదిలేశాడు. జైలు నుంచి వచ్చిన, క్షయ జబ్బున్న, ఇక రాయని రచయిత ఒకడు అందులో నాయకుడు. అతని పేరు పాప్. పాత సైనిక మిత్రుడొకడు వచ్చి తన కథ రాయమని వేధిస్తాడు. పాప్ రాయనంటాడు. అలసిన రచయిత తళుకులతో తననీ పాఠకుల్నీ మభ్యపెట్టే కంటే ఊరుకోవడం మంచిదన్నది అతని పట్టుదల. ఆ మాట రాసినవాడు నిజంగానే ఊరుకున్నాడు.

1961 జనవరి 10న న్యూయార్క్ ఆసుపత్రిలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో హామెట్ పోయాడు. రెండు యుద్ధాల్లో పనిచేసిన సిపాయిగా ఆర్లింగ్టన్ జాతీయ సమాధి స్థలంలో చోటు అడిగి ఉంచాడు. జైల్లో పెట్టిన దేశమే ఆ చోటు ఇచ్చింది. అప్పుల కింద అతని రచనల హక్కులన్నీ వేలానికొచ్చాయి. హెల్మన్, ఆమె మిత్రుడు కలిసి 5,000 డాలర్లకి కొన్నారు. ఒకప్పుడు ఒక్క నవల సినిమా హక్కులకి వచ్చిన దానికంటే తక్కువకి అయిదు నవలలూ కథలూ మొత్తం పోయాయి. కన్న కూతుళ్లకి ఆ సంపదలో దక్కింది బహు స్వల్పం.

ఈ సంకలనం ఆ వేలం తర్వాత వచ్చిందే. ఇందులో కథలన్నీ మళ్లీ మళ్లీ చదువుకుంటాను. లేనివాటి కోసం బాధపడతాను. 1929లో ‘రెడ్ హార్వెస్ట్’లో అతను ఒక గని పట్నాన్ని చూపించాడు. యజమానీ పోలీసులూ ముఠాలూ కలిసి కుళ్లబెట్టిన ఊరు, ఎవడు ఎవణ్ణి అమ్మేస్తాడో తెలియని ఊరు. ఇరవై ఏళ్లకి అతని దేశమే కొంతకాలం అలాంటి ఊరైంది. విచారణల్లో స్నేహితులు స్నేహితుల పేర్లు చెప్పి ఉద్యోగాలు కాపాడుకున్నారు, చెప్పనివాళ్లు తిండికి అల్లాడారు. ఆ కాలం గురించి చాలామంది రాశారు. పేర్లు పోగుచెయ్యడం ఉద్యోగంగా చేసి, పేర్లు చెప్పనందుకు శిక్ష అనుభవించిన కథకుడు వాళ్లలో లేడు. ఆ నవల రాయదగ్గవాడు హామెట్ ఒక్కడే. దానికి కావలసిన అనుభవమంతా బతుకు అతనికి పూర్తిగా ఇచ్చింది. ఇచ్చేనాటికి రాసే చెయ్యి పడిపోయి చాలాకాలమైంది.